రేపు నీళ్ళొస్తాయా?

ఇద్దరూ విశాఖపట్నం వాళ్ళే. వదినగారు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు; ఇప్పుడు తన కాలనీ సంక్షేమ సంఘానికి కార్యదర్శి. మరిదిగారు మునిసిపల్ నీటి సరఫరా విభాగంలో ఇంజినీరుగా చేసి దిగిపోయారు. కలిసినప్పుడల్లా భోజనాలయ్యాక చేతులు తుడుచుకుంటూనే మొదలెడతారు. పార్టీల మీద కాదు, ఊరి మీద. నగరపాలక సంస్థ తను చేసిన పనుల గురించి జనానికి ఏం చెప్పాలి, ఎంత చెప్పాలి అన్నది ఆ రోజు పేచీ. విన్నది విన్నట్టు రాశాను. నా మొగ్గు ఎటో దాచుకోలేదు, చదివేవాళ్ళే సరిచూసుకోవచ్చు.

మరిది: వదినా, స్వచ్ఛ సర్వేక్షణ్‌లో మన ఊరికి నాలుగో ర్యాంకు వచ్చిన రోజున మీ కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక్కరైనా మంచి ముక్క రాశారా? ఎవరింటి ముందో చెత్త తీయలేదని ఫొటో మాత్రం పెట్టుంటారు.

వదిన: పెట్టారు. ఫొటో అబద్ధం కాదుగా?

మరిది: ర్యాంకూ అబద్ధం కాదు. 2017లో మూడు. 2019కి ఇరవై మూడుకి జారిపోయాం. 2020లో తొమ్మిది, 2022లోనూ 2023లోనూ నాలుగు. అలా పడి లేవాలంటే తెల్లారకుండానే ఎంతమంది రోడ్ల మీదికి రావాలో తెలుసా? మేస్త్రీలు, శానిటరీ ఇన్‌స్పెక్టర్లు, చీపుర్లు పట్టుకున్న ఆడవాళ్ళు. వాళ్ళ పేరు ఏ పేపర్లోనూ రాదు. ఆ ర్యాంకొక్కటే వాళ్ళకి దక్కే మెప్పు. అదీ చెప్పుకోకూడదంటారా?

వదిన: చెప్పుకోండి, శుభ్రంగా చెప్పుకోండి. ఇరవై మూడుకి ఎందుకు జారామో మాత్రం మా వీధి దాకా ఎవరూ వచ్చి చెప్పలేదు. ఎక్కినప్పుడు ఫ్లెక్సీ, దిగినప్పుడు మౌనం. మా స్కూల్లో పిల్లలు ప్రోగ్రెస్ కార్డు సంతకానికి తెచ్చేవాళ్ళు కాదూ, మార్కులొచ్చిన నెలలో నాన్నకి, రాని నెలలో నానమ్మకి. అచ్చం అలాగే ఉంది మీ వ్యవహారం.

మరిది: దిగినప్పుడు చెప్పడానికి మేమెందుకు? పేపర్లున్నాయి, టీవీలున్నాయి, ప్రతిపక్షం ఉంది. చెడు చెప్పేవాళ్ళకి కరువేం లేదు. మంచి చెప్పడానికి మాత్రం మా పీఆర్వో ఒక్కడే దిక్కు. ఆయన రాసిన ప్రెస్ నోటుని కూడా మీరు ప్రచారం అంటారు.

వదిన: ప్రచారం కాబట్టే అంటాను. ఆ నోటు తిరగేసి చూడు. ఫలానా కోట్లతో ఫలానా పనికి శంకుస్థాపన. ఎవరు కొబ్బరికాయ కొట్టారు, పక్కన ఎవరు నిలబడ్డారు. ఆ పని ఎప్పటికి అవుతుంది, అది అయ్యేదాకా మా వీధిలో బండి ఎటు తిప్పుకోవాలి, ఆ సంగతి ఉండదు. నాకు కోట్లతో పనేమిటి? నాకు తెలియాల్సింది రేపు నీళ్ళొస్తాయా రావా అని.

మరిది: నీళ్ళ దగ్గరికొచ్చారూ, ఇక నన్ను ఆపకండి. కొళాయి తిప్పగానే గంటసేపు పడే ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో మీ సంఘంలో పదిమందిని అడగండి. తొమ్మిదిమంది పైన ట్యాంకులోంచి అంటారు. తాటిపూడిలో గోస్తనికి అడ్డుకట్ట వేసి పట్టిన నీళ్ళు, అది విజయనగరం జిల్లా. రైవాడ శారదా నది మీద, ఇప్పుడది అనకాపల్లి జిల్లా. ఏలేరు నీళ్ళు ఏలేశ్వరం దగ్గర బయల్దేరి 150 కిలోమీటర్లకు పైగా కాలవలో నడిచొస్తాయి. ఆ కాలవ అసలు స్టీల్ ప్లాంటు కోసం తవ్వింది. మనదంటూ ఉన్నవి మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ. వాటి మట్టుకే అయితే ఊరు ఎండాకాలం దాటదు. మూడు వేరే జిల్లాల దయతో బతుకుతున్నాం. రైవాడ నీళ్ళు పట్నానికెందుకు, మా పొలాలకి వదలండని అక్కడి రైతులు ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నారు. ఇన్ని కొండలూ గెడ్డలూ దాటి మీ సంపులోకి నీళ్ళు చేరడమే ప్రగతి. రోజూ జరిగేది కాబట్టి మీకది వార్తగా కనపడదు.

వదిన: ఇదిగో, ఇప్పుడు చెప్పావే, ఇదీ నాక్కావలసిన వార్త! ఇన్నేళ్ళ నీ సర్వీసులో దీన్ని మాకెందుకు చెప్పలేదు? రైవాడలో ఈ వారం మట్టం ఎంత, తాటిపూడిలో ఎన్నాళ్ళకి సరిపడా ఉంది, ఇది నెలకోసారి మా వార్డు సచివాలయం గోడ మీద రాసి పెడితే నేను పెరట్లో పైపు పెట్టి మొక్కలు తడపను కదా.

మరిది: మీరు తడపరు. మీ పక్కింటాయన ఏం చేస్తాడో చెప్పనా? మట్టం తగ్గిందన్న మాట చెవిన పడగానే లైనుకి మోటారు బిగిస్తాడు. రేపు సరఫరా ఉండదని ఇవాళ చెప్పామనుకోండి, ఇవాళ సాయంత్రమే ఊరంతా డ్రమ్ములు, బకెట్లు, ఆఖరికి పప్పు గిన్నెలు కూడా నింపుకుంటారు. లైను చివర ఉన్న వీధికి చుక్క పడదు. ప్రైవేటు ట్యాంకరువాడు రేటు పెంచేస్తాడు. మేం చెప్పకపోవడం బద్ధకం వల్ల కాదు వదినా, చెబితే జరిగేది చూసినవాళ్ళం కాబట్టి.

(ఈ మాటలో బలం ఉంది. ఆఫీసువాళ్ళు చెప్పరు అని తిట్టేవాళ్ళు ఈ సంగతి ఆలోచించినట్టు నాకు కనపడలేదు. వదినగారు కూడా కాసేపు ఆగారు. ఆ తరవాత ఆవిడన్న మాటే ఈ సంవాదం రాయడానికి కారణం.)

వదిన: మీరు చెప్పడం మానేస్తే కబురు ఆగిందనుకుంటున్నావా? మా వీధిలో వాల్వు తిప్పే అబ్బాయున్నాడు. ఛాంబరు మూత తీసి, పొడుగాటి ఇనుప తాళం దింపి, ఎన్ని చుట్లు తిప్పితే మా వరసకి ధార వస్తుందో, ఎన్ని తిప్పితే వెనక వరసకి పోతుందో చేతి లెక్కలోనే ఉంటుంది అతనికి. తెల్లారి ఐదింటికి అతని ఫోను మోగడం మొదలవుతుంది. "బాబూ, ఇవాళ ఉందా?" ఆ నంబరు ఎవరి దగ్గరుంది? నా దగ్గరుంది, అపార్టుమెంటు వాచ్‌మన్ దగ్గరుంది, మేడలున్నవాళ్ళ దగ్గరుంది. పండక్కి అతని చేతిలో ఏదో పెట్టేవాళ్ళందరి దగ్గరా ఉంది. కొండవాలు ఇళ్ళల్లో అద్దెకున్న అమ్మాయి దగ్గర లేదు. రేపు నీళ్ళు రావన్న సంగతి మాకు ముందే తెలుస్తుంది, డ్రమ్ములు నింపేది మేమే. ఆ అమ్మాయికి పొద్దున కొళాయి తిప్పాక తెలుస్తుంది. మీ మౌనం పుణ్యాన ఊళ్ళో కబురు తెలిసినవాళ్ళున్న వాళ్ళకే తెలుస్తోంది. గోడ మీద రాసుంటే కనీసం అందరం ఒకేసారి డ్రమ్ములు నింపుకునేవాళ్ళం.

మరిది: అంటే వాల్వు అబ్బాయిది తప్పంటారా?

వదిన: అతని మూలంగానే వీధి నడుస్తోంది. తప్పల్లా అతను చేసే పని మీ ఆఫీసు చెయ్యకపోవడం.

మరిది: చెయ్యాలంటే ముందు లెక్కుండాలి. ఏ వాల్వు కింద ఏ ఇళ్ళున్నాయన్నది పూర్తిగా కాగితం మీద ఉండదు. పాత పైపులు, మధ్యలో కలిపిన లైన్లు, కాలనీ పెరిగేకొద్దీ అతికించిన బెండ్లు. అది మనుషుల తలల్లో ఉంటుంది.

వదిన: ఆ తలలు రిటైరైతే?

(మరిదిగారు దీనికి జవాబివ్వలేదు. వక్కపొడి డబ్బా వెతుక్కున్నారు.)

మరిది: అసలు మనం వెనకబడ్డ ఊరేం కాదు వదినా. 2000 దాటీ దాటగానే 'సౌకర్యం' పెట్టాం, గుర్తుందా? ఇంటి పన్ను కంప్యూటర్లో కట్టడం, ఫిర్యాదు కంప్యూటర్లో ఇవ్వడం. వేరే రాష్ట్రాల కార్పొరేషన్లవాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. అప్పటికి చాలా ఊళ్ళల్లో పన్ను రసీదు కార్బన్ కాగితం పెట్టి రాస్తున్నారు.

వదిన: గుర్తుంది, మెచ్చుకున్నాను కూడా. కానీ అందులోనూ ముందొచ్చింది పన్నే చూశావా? ఏప్రిల్ 30 లోపు ఏడాది పన్నంతా కడితే ఐదు శాతం రాయితీ. ఈ కబురు మాత్రం ఏ ఇంటికీ తప్పదు. ఆటోకి మైకు కట్టి తిప్పుతారు, ఫోనుకి మెసేజీ పంపుతారు, బిల్ కలెక్టరు గేటు కొడతాడు. తేదీ పక్కా, మొత్తం పక్కా, ఆలస్యమైతే వడ్డీ ఎంతో అదీ పక్కా. అంటే ఇంటింటికీ కబురు చేర్చడం మీకు చేతనైన పనే. పన్ను కోసం నా ఫోను నంబరు మీ దగ్గరున్నప్పుడు నీళ్ళ కోసం లేకుండా ఎలా పోయింది?

మరిది: పన్ను రాకపోతే జీతాల్లేవు. పన్ను సంగతి వచ్చింది కాబట్టి నేనూ ఒకటడుగుతా. 2021 అక్టోబరులో చెత్తకి యూజర్ చార్జీ పెట్టారు. పెద్ద ఊళ్ళల్లో ఇంటికి నెలకి 120 రూపాయలు, మురికివాడల్లో 60. చెత్త పన్నని ఎంత గొడవ చేశారు మీరు!

వదిన: చేశాం. బండి రోజూ వస్తుందా, తడి పొడి వేరుచేసి ఇచ్చిన చెత్త కాపులుప్పాడ యార్డుకెళ్ళి మళ్ళీ ఒక్కచోటే పోస్తున్నారా అని అడిగితే ఎవరూ చెప్పలేదు. రసీదు పుస్తకం మాత్రం పట్టుకొచ్చారు.

మరిది: సరే, 2024లో ప్రభుత్వం మారింది, చార్జీ ఎత్తేశారు. మీ గ్రూపులో ఆ రోజు చప్పట్ల బొమ్మలు నింపేశారు. ఒక్కరైనా అడిగారా, ఆ డబ్బు లేకుండా బండికి డీజిల్ ఎవరు పోస్తున్నారని? బండి ఆగలేదు, డ్రైవరు జీతం ఆగలేదు. ఖర్చు ఉన్నచోటే ఉంది. చార్జీ పోయిందన్నది ఊరంతా తెలిసింది. ఖర్చు ఏ ఖాతాలోకి మళ్ళిందో తెలుసుకుందామని ఏ సంఘమూ రాలేదు. మీక్కూడా తియ్యటి కబుర్లే కావాలి వదినా, మా ఒక్కళ్ళనే అనకండి.

వదిన: ఇది ఒప్పుకుంటాను. అడగాల్సింది. అడగలేదు.

(ఈ ఊరనే కాదు, ఏ ఊరి జనానికైనా ఈ దెబ్బ తగులుతుంది. తగ్గిన బిల్లు వెనక లెక్క ఎవరూ చూడరు.)

మరిది: ఇంకో సంగతి. మీరు కార్పొరేషన్, కార్పొరేషన్ అంటారు. ఎన్ఏడీ ఫ్లైఓవరు ఎవరు కట్టారు? మహానగర అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ. కైలాసగిరీ వాళ్ళదే. హైవే జాతీయ రహదారుల సంస్థది. పోర్టు రోడ్లు పోర్టువి. కరెంటు స్తంభం ఈపీడీసీఎల్‌ది, బస్సు ఆర్టీసీది. కొండల మీద సగం భూమి తగాదా సింహాచలం దేవస్థానంతో. బస్సులకి విడిగా దారి వేసే బీఆర్‌టీఎస్ సంగతే చూడండి. కేంద్రం ఇచ్చిన జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం డబ్బుతో పెందుర్తి వైపొక కారిడారు, సింహాచలం వైపొక కారిడారు మొదలెట్టాం. అడవివరం దగ్గర దేవస్థానం భూముల చిక్కు పడి ఏళ్ళకేళ్ళు ముక్క మిగిలిపోయింది. తిట్లు ఎవరికి? మాకు. మనది కాని పని ఆగిపోతే ఆ కారణం మనమెలా ప్రకటిస్తాం? రెండో ఆఫీసు మీద నెట్టినట్టవుతుంది. మర్నాడు కలెక్టరు మీటింగులో చీవాట్లు.

వదిన: నువ్వు చీవాట్లకి భయపడ్డావు, నేను బస్సు రాని బస్సుదారి పక్కన నిలబడ్డాను. ఏ రోడ్డు ఎవరిదో పేరు రాసిన పలక రోడ్డు మొదట్లో పాతితే ఎవరి మీదా నెట్టినట్టు కాదు. శిలాఫలకం మీద పదిహేను పేర్లు చెక్కించేవాళ్ళకి ఆ ఒక్క వాక్యం బరువా?

మరిది: బరువే. ఆ వాక్యం రాసినవాడు కోర్టులో సాక్షి అవుతాడు.

వదిన: నీ మాటలకి నవ్వొస్తుంది కానీ, ఇది నవ్వే విషయం కాదయ్యా. ఎవరి పరిధి వాళ్ళదే అన్న మాట ఒక రాత్రి ఎక్కడికి తీసుకెళ్ళిందో మనూళ్ళోనే చూశాం. 2020 మే 7. ఆర్.ఆర్. వెంకటాపురం. ఎల్జీ పాలిమర్స్ ట్యాంకులోంచి స్టైరిన్ ఆవిరి తెల్లవారుజామున ఇళ్ళ మీదికొచ్చింది. లాక్‌డౌన్, అందరూ ఇళ్ళల్లో నిద్రలో ఉన్నారు. పన్నెండుమంది పోయారు. పరిగెత్తుతూ రోడ్ల మీద పడిపోయిన మనుషుల్ని ఆ పొద్దున టీవీలో దేశమంతా చూసింది. ప్రభుత్వం వేసిన ఉన్నత స్థాయి కమిటీ జులైలో ఏం తేల్చింది? ఫ్యాక్టరీలో 36 చోట్ల నుంచి సైరన్ మోగించే ఏర్పాటుంది, ఒక్కచోట కూడా మోగించలేదు అని. ఆ రాత్రి ఆ ఊరికి కావలసింది ఒక్కటే కబురు, లేవండి, ఫలానా వైపు వెళ్ళండి అని. అది చెప్పాల్సిన యంత్రం ఉంది, మోగలేదు.

మరిది: అది కంపెనీ తప్పు. ఆ తరవాత ఫ్యాక్టరీల శాఖ, కాలుష్య నియంత్రణ మండలి. కార్పొరేషన్‌కి అందులో...

వదిన: అక్కడే ఆగు. వెంకటాపురం కార్పొరేషన్ వార్డా, కాదా?

మరిది: వార్డే.

వదిన: ఇంటి పన్ను కట్టించుకున్నారా, లేదా?

మరిది: కట్టించుకున్నాం.

వదిన: ఆ ఇళ్ళకి కూతవేటు దూరంలో ఏ రసాయనం ఎన్ని టన్నులు నిల్వ ఉందో, అది లీకైతే ఏం చెయ్యాలో పన్ను కాగితం వెనక నాలుగు ముక్కలు అచ్చేసి ఎప్పుడైనా ఇచ్చారా? నిన్ను అనడం లేదు, ఏ ఆఫీసూ ఇవ్వలేదు. లోపల పనిచేసేవాళ్ళకి తెలుసు, వాళ్ళ ఇంట్లోవాళ్ళకి కొద్దిగా తెలుసు. మిగతావాళ్ళకి ముక్కుకి ఘాటు తగిలాక తెలిసింది.

మరిది: (కాసేపాగి) ఆ రోజు నా పాత డిపార్టుమెంటు పిల్లలు ట్యాంకర్లు వేసుకుని వెళ్ళారు వదినా, వీధులన్నీ నీళ్ళతో కడిగారు. మాస్కులు కూడా సరిగ్గా లేవు. ఎవరి పరిధి అని ఎవరూ అడగలేదు. పని దగ్గర మేం పరిధి చూడం. కాగితం దగ్గరే చూస్తాం. మీకు కోపం తెప్పిస్తోంది కాగితమే అయితే నేను కాదనను.

వదిన: మీవాళ్ళ పని మీద నాకెప్పుడూ అనుమానం లేదు. హుద్‌హుద్ తుపానప్పుడు చూశానుగా.

మరిది: 2014 అక్టోబరు 12, ఆదివారం. చెట్లన్నీ పోయాయి, స్తంభాలు పడిపోయాయి, సెల్ టవర్లు మూగబోయాయి. కరెంటు లేక పంపులు తిరగలేదు. జనరేటర్లు ఎక్కణ్ణుంచో తెప్పించి ఒక్కొక్క పంప్‌హౌసుకీ తగిలించాం. మూడు రోజులు ఇల్లు చూడలేదు.

వదిన: అప్పుడు మా వీధిలోకి మైకు కట్టిన ఆటో వచ్చింది. "నాలుగు గంటలకి ట్యాంకరు గుడి మలుపులో ఆగుతుంది, ఇంటికి రెండు బిందెలు" అని చెప్పి వెళ్ళిపోయింది. నాలుగున్నరకి వచ్చింది ట్యాంకరు, అది వేరే సంగతి. నా ఎరికలో ఈ నగరం జనానికి చెప్పిన వార్తల్లో అంత మంచిది ఇంకోటి లేదు. చోటు, వేళ, ఎంత, అంతే. ఏ నాయకుడి పేరూ లేదు.

మరిది: రాసే తీరికెక్కడిది?

వదిన: తీరిక లేనప్పుడు మీరు నిజమైన కబురు చెప్పారు. తీరిక దొరకగానే ఫ్లెక్సీలు కట్టారు.

మరిది: అన్యాయం! హుద్‌హుద్ తరవాతే కదా ఊరంతా సోడియం దీపాలు పీకి ఎల్ఈడీలు పెట్టాం, 90 వేలకు పైగా. 2016 జనవరిలో స్మార్ట్ సిటీల మొదటి జాబితాలో ఇరవై ఊళ్ళల్లో మనదీ, కాకినాడదీ పేర్లున్నాయి. ముడసర్లోవ రిజర్వాయరు నీళ్ళ మీద సోలార్ పలకలు తేలించాం. ఇవన్నీ ఎప్పుడు జరిగాయో గమనించారా? కౌన్సిల్ లేనప్పుడు! 2012లో పాత కౌన్సిల్ గడువు తీరితే మళ్ళీ ఎన్నికలు 2021 మార్చిలో. తొమ్మిదేళ్ళు ప్రత్యేకాధికారి పాలన. జీరో అవర్‌లో కేకల్లేవు, వాకౌట్లు లేవు. ఫైలు కదిలేది. జనానికి చెబుతూ కూర్చుంటే పనులవుతాయా అన్నది నా అసలు అనుమానం. మీరు ఒప్పుకోరు కానీ, మాలో చాలామంది అనుకునేది అదే.

వదిన: ఈ మాట ఇంతసేపూ కడుపులో పెట్టుకున్నావన్నమాట. సరే, సోషల్ టీచర్ని అడిగావు కాబట్టి చెబుతా. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ నుంచి అమల్లో ఉంది. మూడు లక్షల జనాభా దాటిన ఊళ్ళో వార్డు కమిటీలు ఉండాలంది. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ఎవరూ అడక్కుండానే ఆఫీసులు తమంతట తాము చెప్పాల్సిన సంగతులేమిటో వరసగా రాసింది. అంటే చెప్పడం నీ దయా నా దయా కాదు, ఉద్యోగంలో భాగం. ఇక నీ తొమ్మిదేళ్ళ వేగం సంగతి. స్మార్ట్ సిటీ డబ్బు ఎక్కువ ఎక్కడ పెట్టారు?

మరిది: బీచ్ రోడ్డు చుట్టుపక్కల. పథకంలోనే ఒక ప్రాంతం ఎంచుకోమన్నారు.

వదిన: గాజువాకలో అడిగే కార్పొరేటరు లేడు. పెందుర్తిలో లేడు. 2013లో తెచ్చి కలిపిన అనకాపల్లిలోనూ, భీమిలిలోనూ లేడు. అడిగేవాడు లేకపోతే పని వేగంగానే అవుతుంది, బీచ్ పక్కన. అనకాపల్లివాడి గతి ఇంకా చిత్రం. 2022లో ఆ ఊరు జిల్లా కేంద్రమైంది, కలెక్టరాఫీసు ఇంటి పక్కనే వచ్చింది. మురిక్కాలవ సంగతి మాత్రం ఇంకా విశాఖ కార్పొరేషన్‌నే అడగాలి.

మరిది: కౌన్సిల్ వచ్చాక ఏం మారింది? తొంభై ఎనిమిది మంది కార్పొరేటర్లు. 2025 ఏప్రిల్‌లో మేయరు మీద అవిశ్వాసం పెట్టారు, 74 ఓట్లతో నెగ్గింది. ఆ 74 అన్న అంకె ఊళ్ళో కూరగాయల బండివాడికి కూడా నోటికొచ్చు. ఆ నెల మీ వార్డుకి ఏ పని మంజూరైందో మీకైనా తెలుసా?

వదిన: తెలీదు.

మరిది: చూశారా!

వదిన: చూశాను. నువ్వు నా వాదనే వినిపిస్తున్నావు. కుర్చీ కబురు ఊరంతా పాకుతుంది, కాలవ కబురు పాకదు. కుర్చీ కబురు మోయడానికి మనుషులున్నారు. కాలవ కబురు మోయాల్సింది మీ ఆఫీసే, ఇంకెవరూ మొయ్యరు.

మరిది: సోమవారం సోమవారం ఫిర్యాదులు తీసుకుంటూనే ఉన్నారు కదా. అక్కడికొచ్చి అడగొచ్చు.

వదిన: ఆ సోమవారానికి ఎన్ని పేర్లు పెట్టారయ్యా! ప్రజావాణి అన్నారు, మీ కోసం అన్నారు, స్పందన అన్నారు, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక. బల్లా అదే, క్యూ అదే. అర్జీ ఇస్తే నంబరు ఇస్తారు, కొన్నాళ్ళకి "పరిష్కరించబడింది" అని మెసేజీ వస్తుంది. కాలవలోకి తొంగి చూస్తే చెత్త అలాగే ఉంటుంది. ఏ ఊళ్ళో అడిగినా ఇదే చెబుతారు. పని కాలేదు, ఫలానా కారణం, ఫలానా తేదీకి అవుతుంది అని రాస్తే మేం కొడతామా?

మరిది: మీరు కొట్టరు. పెండింగు లెక్కలో మా జోను కిందికి పోతుంది. రివ్యూలో కమిషనరు ఎర్ర రంగు వేసిన వరస చూపించి నిలబెట్టి అడుగుతారు. గడువులోగా మూసెయ్యాలి, అంతే. నిజం రాసినవాడి వరస ఎర్రగా ఉంటుంది, మూసేసినవాడి వరస పచ్చగా ఉంటుంది. మీరు ఏ వరసలో ఉండమంటారు నన్ను?

(ఇంతసేపటి వాదనలో మరిదిగారు ఆఫీసు తరఫున కాకుండా మనిషిగా మాట్లాడింది ఇక్కడే అనిపించింది. నగరపాలక సంస్థల ప్రగతి నివేదికలు ఎందుకంత పచ్చగా ఉంటాయో తెలియాలంటే ఆ ఎర్ర వరస ఎవరి జీతం మీద పడుతుందో చూడాలి. నిజం చెప్పినవాడికి శిక్ష పడే పద్ధతి పైన ఉంచి కిందివాణ్ణి నిజాయితీగా ఉండమనడం తేలిక. వదినగారు ఆ మాట అనలేదు. లేచి వెళ్ళి ఒక తెల్ల కాగితం, స్కెచ్ పెన్ను తెచ్చారు.)

వదిన: వాదన చాలు. నువ్వింకా సర్వీసులో ఉన్నావనుకో. బుధవారం పైపు మరమ్మతు. మా వీధి గోడ మీద అంటించే కాగితం రాయి.

మరిది: (రాస్తూ) "పైపులైను మరమ్మతుల నిమిత్తం బుధవారం మంచినీటి సరఫరా నిలిపివేయబడును. గురువారం యథావిధిగా సరఫరా జరుగును. ప్రజలు సహకరించగలరు."

వదిన: ఏ పైపు? ఎక్కడ? యథావిధి అంటే ఎన్నింటికి? గురువారం ముందు ఏ వరసకి, ఆఖరున ఏ వరసకి? కొండమీది ఇళ్ళకి ఒత్తిడి చాలుతుందా?

మరిది: చాలదు. వాళ్ళకి ట్యాంకరు పంపాలి.

వదిన: మరి అది రాయి. ఎన్నింటికి, ఎక్కడ ఆగుతుంది. ఇంటికి ఎన్ని బిందెలు.

మరిది: (ఇంకో కాగితం తీసుకుని) సరే. "గుడి వెనక పెద్ద పైపు కీలు దగ్గర కారుతోంది. బుధవారం బాగుచేస్తాం. ఆ రోజు నీళ్ళు రావు. గురువారం ఉదయం ఆరింటికి ముందు వరస, ఏడింటికి వెనక వరస. కొండమీది ఇళ్ళకి ట్యాంకరు ఎనిమిదింటికి మెట్ల దగ్గర." ఇప్పుడు బాగుందా?

వదిన: బాగుంది. ఎవరిని అడగాలో హోదా, ఆఫీసు ఫోను రాయి. దాని కింద ఇంకొక్క వాక్యం. "గురువారం నీళ్ళు రాకపోతే ఎందుకు రాలేదో ఆ సాయంత్రమే ఈ కాగితం పక్కన రాసి పెడతాం."

మరిది: అది రాయను.

వదిన: ఎందుకు?

మరిది: పైన ఉన్న ముక్కలన్నిటికీ ఏ అసిస్టెంట్ ఇంజినీరైనా సంతకం పెడతాడు. ఈ ఆఖరిదానికి పెట్టడు. రేపు విజిలెన్స్ వచ్చినా, కాంట్రాక్టరు కోర్టుకెళ్ళినా ముందు ఈ కాగితమే బయటికొస్తుంది. మీరు కావాలంటే సంతకం లేకుండా అంటించుకోండి.

వదిన: సంతకం లేని కాగితం మా గోడ మీద అంటించనివ్వను. సినిమా పోస్టరనుకుంటారు.

మరిది: ఐతే ఉండండి. ప్రస్తుతం ఆ సీట్లో ఉన్న కుర్రాడు నా దగ్గర పని నేర్చుకున్నవాడే. మంచివాడు. ఫోన్ చేసి అడుగుతాను, ఆ ఆఖరి వాక్యం కూడా రాస్తాడేమో.

వదిన: అదిగో, మళ్ళీ తెలిసినవాడే కావలసొచ్చాడు.

మరిది: తెలిసినవాడు కాబట్టే ఫోనెత్తుతాడు. కాసేపు మాట్లాడకండి వదినా, రింగవుతోంది.